కింద టీబీఎం, పైన ప్లాట్‌ఫాం: మిల్లీమీటర్ల లెక్క

(సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది. మాట్లాడిన తీరు చాలావరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్ళకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

సొరంగం అనగానే పేపర్లో చూసిన టీబీఎం, అంటే సొరంగం తవ్వే మిషన్ (టన్నెల్ బోరింగ్ మిషన్) ఫొటో గుర్తొస్తుంది కదా, ఆ పెద్ద చక్రం, దాని ముందు కొత్త హెల్మెట్లు పెట్టుకుని నిలబడ్డ పెద్దమనుషులు. ఇవాళ ఆ చక్రం గురించి తక్కువ చెప్తాను. ఖాళీ పొలం కింద తవ్వినా, కిక్కిరిసిన స్టేషన్ కింద తవ్వినా చక్రం తిరిగేది ఒకేలాగే. మారేదల్లా పైనున్నది. పైన రోజూ లక్షలమంది ఎక్కి దిగే స్టేషన్ ఉంటుంది, దాన్ని మూసేయడానికి వీల్లేదు, దాని కిందనుంచో పక్కనుంచో, ఒక్కోసారి రెండు పాత కట్టడాల సందులోంచో కొత్త సొరంగం పోవాలి.

అలాంటిచోట "నేల కదలకుండా తవ్వుతాం" అని ఎవరైనా అంటే నమ్మకండి. తవ్వితే నేల కదులుతుంది. ఎంత కదులుతుంది, ఎక్కడ, ఎప్పుడు అని ముందే లెక్కకట్టి, పైనున్న స్టేషన్ వాళ్ళతో ఆ లెక్క ఒప్పించుకుని, ఆ హద్దు దాటకుండా చూసుకోవడమే మన పని. ఇంటి ఖర్చుకి బడ్జెట్ ఉన్నట్టే కదలికకి కూడా బడ్జెట్ ఉంటుంది, మిల్లీమీటర్లలో. ఇవాళ నేను చెప్పేదంతా దీని చుట్టూనే.

ఉదాహరణలు ఎక్కువగా లండన్‌వే చెప్తాను. అక్కడ భూగర్భ రైలు 1863లో మొదలైంది. లోతు సొరంగాల్లో కరెంటు రైళ్లు 1890 నుంచి నడుస్తున్నాయి. అందుకని కొత్త లైను ఏది వేసినా పాతదాన్ని తప్పించుకుని పోవాలి, పైనా కిందా ఎవరో ఒకరు ముందే తవ్వేసి ఉంటారు. ఇంకో మంచి సంగతి, అక్కడ ఏం కొలిచారో, ఏది తేడా కొట్టిందో చాలావరకు రాసి బయటపెట్టారు. మనకి చదువుకోవడానికి దొరుకుతుంది. మన హైదరాబాద్ మెట్రో చూడండి, ఇప్పుడు నడుస్తున్నదంతా పిల్లర్ల మీదే, అందుకే ఈ గొడవ మనవాళ్ళకి ఇంకా దగ్గరగా తెలీదు.

ముందు మట్టి సంగతి. లండన్ కింద ఉన్న బంకమట్టి టన్నెల్ వాళ్ళకి వరం. తాజాగా కోస్తే గట్టి కోవా ముక్కలా ఉంటుంది, కోసినచోట నున్నగా నిలబడుతుంది, కాసేపు ఆధారం లేకపోయినా కూలదు, నీళ్లు దాదాపు రానివ్వదు. పంతొమ్మిదో శతాబ్దంలోనే చేత్తో తవ్వి అంత లోతున రైలు వేయగలిగారంటే సగం పుణ్యం ఆ మట్టిదే. అయితే దాని పైన నీళ్లు పట్టిన కంకర పొర ఉంటుంది, దాని కిందకి పోతే ఇసుక తిత్తులున్న వేరే పొరలు తగులుతాయి. సొరంగం ఆ బంకమట్టిలో ఉన్నంతసేపూ నిశ్చింత, దాని అంచుకి వస్తే టెన్షన్.

ఇప్పుడు అసలు కథ. క్రాస్‌రైల్ అని విన్నారుగా, లండన్ నగరం అడుగునుంచి వేసిన కొత్త రైలు మార్గం, 2022 మే 24న ఎలిజబెత్ లైన్ పేరుతో మొదలైంది. మొత్తం 8 టీబీఎంలు కలిసి 42 కిలోమీటర్ల సొరంగం తవ్వాయి, 2012లో మొదలుపెట్టి 2015కి ముగించారు. ఒక్కో మిషన్ బరువు దాదాపు 1,000 టన్నులు, తల వ్యాసం 7.1 మీటర్లు. ఈ సైజు మిషన్ టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్ స్టేషన్ దగ్గర ఎలా పోవాల్సివచ్చిందంటే, కింద నార్దర్న్ లైన్ అనే పాత భూగర్భ రైలు లైను ప్లాట్‌ఫాం సొరంగాలు, పైన ఎస్కలేటర్లు, మధ్యలో ఉన్న సందులోంచి. రెండువైపులా చూసుకుంటే మీటరు జాగా కూడా లేదు. అక్కడి ఇంజనీర్లే దానికి సూది బెజ్జం అని పేరు పెట్టుకున్నారు. మిషన్ పోతున్నప్పుడు కింది ప్లాట్‌ఫాం మీద జనం మామూలుగానే నిలబడి ఉన్నారు, రైళ్లు మామూలుగానే వచ్చిపోతున్నాయి.

ఎవరైనా లెక్క చేస్తారా? బోర్డు మీదకి రానక్కర్లేదు, నోటితోనే చేద్దాం. 7.1 మీటర్ల వ్యాసం అంటే గుంట వైశాల్యం దాదాపు 40 చదరపు మీటర్లు. మిషన్ తవ్వేటప్పుడు అవసరమైన దానికంటే కాస్త ఎక్కువ మట్టే లోపలికి వస్తుంది, ముందు ముఖం దగ్గర కొంత, షీల్డ్, అంటే మిషన్ ఉక్కు తొడుగు చుట్టూ ఉన్న సందులోకి కొంత, వెనక సొరంగం గోడగా రింగు పెట్టాక మిగిలే ఖాళీలోకి కొంత. దీన్నే వాల్యూమ్ లాస్ అంటాం. మంచి మిషన్, మంచి బంకమట్టి, ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిపే ఆపరేటర్ ఉంటే ఇది ఒక శాతం లోపే ఉంటుంది. ఒక శాతమే అనుకుందాం. అంటే ప్రతి మీటరు పొడవుకీ 0.4 ఘనపు మీటర్ల మట్టి అదనంగా పోయింది. ఆ లోటు పైదాకా పాకి నేల మీద లోతు తక్కువ పల్లంగా తేలుతుంది. ఆ పల్లం గంట ఆకారపు వక్రరేఖలా ఉంటుందని 1969లో రాల్ఫ్ పెక్ చెప్పాడు, ఇప్పటికీ అందరం మొదటి లెక్క దాంతోనే వేస్తాం. సొరంగం 25 మీటర్ల లోతులో ఉంటే, బంకమట్టిలో ఆ పల్లం వెడల్పు కొలత లోతులో సగం, అంటే పన్నెండున్నర మీటర్లు తీసుకుంటాం. లెక్కిస్తే మధ్యలో నేల దిగేది 12 నుంచి 13 మిల్లీమీటర్లు.

ఇంతేనా అనిపిస్తుంది కదా? పైన ఒక మామూలు భవనం ఉంటే నిజంగా ఇంతే. సెటిల్‌మెంట్, అంటే నేల దిగడం, 10 మిల్లీమీటర్ల లోపు, వాలు 500కి 1 కంటే తక్కువ ఉంటే దెబ్బతినే భయం లేనట్టే అని ఒక పాత కొలమానం ఉంది. మన లెక్కలో వాలు 1,600కి 1 దగ్గర వస్తుంది, దిగడం కాస్త ఎక్కువ. పెద్దగా భయపడక్కర్లేదు. కానీ ఈ సూత్రం నేల మీదకి పనికొచ్చేది. మనకి అర మీటరు దూరంలో ఎస్కలేటర్ ఉంటే? పల్లం కిందకి పోయేకొద్దీ సన్నబడి లోతవుతుంది. పైగా సొరంగం ఒక్కటే కాదు, రానూపోనూ రెండు, వాటిని ప్లాట్‌ఫాం సైజుకి వెడల్పు చేయడం, మధ్యలో అడ్డ దారులు, ఎస్కలేటర్లకి ఏటవాలు గుంట, గాలి కోసం ఇంకో బావి. ఒక్కోటీ తన వంతు దించుతుంది, అన్నీ కూడతాయి. ఇక్కడికొచ్చేసరికి పెక్ గంటని పక్కనపెట్టి కంప్యూటర్లో మొత్తం మోడల్ చేయాల్సిందే, అది కూడా తవ్వే వరసలోనే, ఏది ముందు ఏది తర్వాత అన్నది మారితే జవాబు మారిపోతుంది.

ఇప్పుడు పైనున్న స్టేషన్‌ వైపు నుంచి చూడండి. మొత్తం స్టేషన్ ఒకేలా 20 మిల్లీమీటర్లు దిగిపోతే ఎవరికీ తెలీదు. ఒక చివర 5, ఇంకో చివర 20 దిగితే అప్పుడు గొడవ. పట్టా విషయానికొస్తే రెండు పట్టాల ఎత్తులో తేడా, ఆ తేడా కొంత దూరంలో ఎంత వేగంగా మారుతోంది, ఇవి హద్దు దాటితే రైలు వేగం తగ్గించాలి, ఇంకా దాటితే ఆపాలి. ఎస్కలేటర్ ఇంకా సున్నితం. కింద పొడవాటి ఉక్కు చట్రం ఉంటుంది, ఒక కొస దిగి రెండో కొస దిగకపోతే మెట్లు దువ్వెన పళ్ళలోకి వెళ్ళేచోట గీసుకుంటాయి. ఇక పాత ట్యూబ్ సొరంగాలు. వ్యాసం మూడున్నర మీటర్లే, రైలు అందులో బిగుతుగా పడుతుంది. పక్కన తవ్వేసరికి గుండ్రటి రింగు కాస్త అణిగి అడ్డంగా సాగినా రైలుకీ గోడకీ మధ్య ఉన్న ఆ కాస్త సందూ తగ్గిపోతుంది. ఆ రింగులు పోత ఇనుము, వంగదు, పగులుతుంది. అందుకని కొన్నిచోట్ల ఒక చిత్రమైన పని చేస్తారు. మిషన్ రాకముందే రాత్రిపూట లోపలికి దిగి రింగుల బోల్టులు వదులు చేస్తారు, రింగు కాస్త ఆడితే అంచులు పగలవని. మిషన్ దాటాక మళ్ళీ బిగిస్తారు. చెప్పడానికి సులువే. నడుస్తున్న రైల్వేలో బోల్టులు వదులు చేస్తాం అని వాళ్ళ ఇంజనీర్‌ని ఒప్పించాలంటే ఎన్ని కాగితాలు రాయాలో ఆలోచించుకోండి.

నా పని ఎక్కువగా మానిటరింగ్, అంటే ఈ కదలికలు కొలిచే వైపే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, విసుక్కోకండి.

పాత సొరంగం గోడకి వరసగా చిన్న గాజు ప్రిజమ్‌లు బిగిస్తారు, అరచేతిలో ఇమిడిపోయేంతవి. ఒక మూల బ్రాకెట్ మీద మోటారున్న టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరం కూర్చుని ఉంటుంది, అది తనంతట తనే తిరిగి ఒక్కో ప్రిజమ్‌నీ చూసి దూరం, కోణం కొలిచి పంపుతుంది, రాత్రీ పగలూ. ఎస్కలేటర్ల కింద ఎత్తు తేడా చూపే, నీటి గొట్టాలతో కలిపిన లెవెల్ సెల్స్, గోడలకి ఒరుగుడు కొలిచే టిల్ట్ మీటర్లు. ఇవన్నీ బాగానే పనిచేస్తాయి, స్టేషన్ మాత్రం ల్యాబ్ కాదు. రైలు బ్రేకు పట్టిన ప్రతిసారీ సన్నటి ఇనుప దుమ్ము లేస్తుంది, అది ప్రిజమ్ మీద పొరలా పేరుకుంటుంది, రీడింగు ముందు అటూ ఇటూ ఊగుతుంది, తర్వాత మాయమైపోతుంది. గుడ్డతో తుడిస్తే సరిపోతుంది, కానీ ఆ గుడ్డ పట్టుకుని అక్కడికి వెళ్ళాలంటే రాత్రి కరెంటు తీసేదాకా ఆగాలి. పొద్దున్నే మొదటి రైళ్లు మొదలయ్యాక సొరంగం వేడెక్కుతుంది, అన్ని రీడింగులూ కలిసి కొంచెం జరుగుతాయి, రాత్రికి మళ్ళీ వెనక్కి వస్తాయి. ఇది తవ్వడం వల్ల వచ్చింది కాదని చెప్పాలంటే తవ్వకం మొదలవకముందు నెలల తరబడి తీసిన రీడింగులు చేతిలో ఉండాలి. ఆ ముందు రీడింగులే బేస్‌లైన్, అది లేని మానిటరింగ్ దండగ. ఆ డబ్బుతో ఇంకేదైనా కొనుక్కోవచ్చు.

రీడింగులకి హద్దులుంటాయి. ఆకుపచ్చలో ఉంటే పని నడుస్తుంది. అంబర్, అంటే పసుపు హెచ్చరిక వస్తే మీటింగు, ఎందుకు వచ్చింది, ఏం మార్చాలి. రెడ్ వస్తే తవ్వడం ఆగుతుంది. అందరూ రెడ్ గురించి భయపడతారు గానీ నాకు అంబర్ అంటేనే గుబులు. రెడ్ వచ్చినప్పుడు ఏం చేయాలో అందరికీ తెలుసు. అంబర్ రోజూ వస్తుంటే మనుషులకి అలవాటైపోతుంది, "అది ఎప్పుడూ ఉండేదేలే" అంటారు.

రాత్రి గంటల సంగతి కూడా చెప్పాలి. లండన్‌లో చివరి రైలు పోయాక, మొదటి రైలు రాకముందు మధ్యలో దొరికేది నాలుగు గంటలు. అందులో కరెంటు తీయడం, తీసినట్టు కాగితం రావడం, సామాను దింపడం, మళ్ళీ చివర్లో ఒక్క స్పానర్ కూడా మర్చిపోకుండా అన్నీ లెక్కపెట్టి బయటికి తేవడం పోను, చేతికి మిగిలే పని సమయం రెండున్నర గంటలుంటే గొప్ప. 2016 ఆగస్టు నుంచి కొన్ని లైన్లలో శుక్ర, శనివారాలు రాత్రంతా రైళ్లు మొదలుపెట్టారు, ప్రయాణికులకి బాగుంది, మా లాంటివాళ్ళకి వారంలో రెండు రాత్రులు పోయాయి.

సరే, ఇప్పుడు వెస్ట్‌మినిస్టర్. నా దృష్టిలో ఈ విద్యకి ఇదే పెద్ద పాఠం.

1990ల్లో లండన్ భూగర్భ రైలులో జూబిలీ లైన్ పొడిగించారు. వెస్ట్‌మినిస్టర్ దగ్గర 1868 నాటి పాత స్టేషన్ ఉంది, నేలకి కాస్త కిందే, డిస్ట్రిక్ట్, సర్కిల్ లైన్ల రైళ్లు అందులో నడుస్తున్నాయి. సరిగ్గా దాని కింద 39 మీటర్ల లోతు గుంట తవ్వాలి. పక్కనే థేమ్స్ నది. గుంట అంచునుంచి 34 మీటర్ల దూరంలో బిగ్ బెన్ గడియారపు స్తంభం. ఇంతకంటే ఇరుకు చోటు ఎంచుకుందామన్నా దొరకదు. కొత్త సొరంగాలు రెండూ పక్కపక్కన పట్టవు కాబట్టి ఒకదాని కింద ఒకటి పెట్టారు. గుంట చుట్టూ ముందు కాంక్రీటు గోడలు దింపి, పైనుంచి కిందకి ఒక్కో అంతస్తు స్లాబు వేసుకుంటూ దిగారు. ఇంకో తెలివైన పని చేశారు, గుంట అడుగుదాకా తవ్వకముందే, ఆ అడుగు మట్టంలో చిన్న సొరంగాలు తవ్వి వాటిలో కాంక్రీటు దూలాలు పోశారు. అంటే మట్టి తీసేసరికే కింద ఆధారం సిద్ధంగా ఉంది, గోడలు లోపలికి రాకుండా.

పాత స్టేషన్ పట్టాలు 300 మిల్లీమీటర్లు దించాల్సివచ్చింది, పైన కట్టబోయే భవనానికి ఎత్తు సరిపోవాలి కాబట్టి. ఆ లైను మూయలేదు. రాత్రిపూట రైళ్లు లేని ఆ కొద్ది గంటల్లో కొంచెం కొంచెంగా దించుకుంటూ పోయారు, పొద్దున్నే రైళ్లు మామూలుగా నడిచేవి. ఇందులో కొత్త సిద్ధాంతమేమీ లేదు. ఓపిక. నాకైతే గడియారపు స్తంభం కథకంటే ఇదే ఎక్కువ నచ్చుతుంది, కానీ దీని గురించి ఎవరూ అడగరు.

సరే, స్తంభం కథ. 96 మీటర్ల ఎత్తు, కింద పలచటి పునాది, అప్పటికే కాస్త ఒరిగి ఉంది, దాదాపు 250కి 1. తవ్వితే గుంట వైపు ఇంకా ఒరుగుతుందని లెక్కలు చెప్పాయి. ఇంపీరియల్ కాలేజీ ప్రొఫెసర్ జాన్ బర్లాండ్ సలహాదారుగా ఉన్నారు, పీసా గోపురాన్ని నిలబెట్టిన బృందంలోనూ ఆయన ఉన్నారు. వాళ్ళు ఎంచుకున్న దారి కాంపెన్సేషన్ గ్రౌటింగ్, అంటే దిగే నేల కిందకి పల్చటి సిమెంటు ముద్ద (గ్రౌట్) ఎక్కించి సరిచేయడం. ఒక బావి తవ్వి, అందులోంచి స్తంభం పునాది కిందకి అడ్డంగా ఉక్కు గొట్టాలు పంపారు. గొట్టానికి పొడవునా రంధ్రాలు, ఒక్కో రంధ్రం మీద రబ్బరు తొడుగు. లోపల రెండువైపులా బిరడా పెట్టి ఒక్క రంధ్రం దగ్గరే సిమెంటు గ్రౌట్ పంపితే రబ్బరు తెరుచుకుని మట్టిలోకి పోతుంది, పంపడం ఆపితే మూసుకుంటుంది. కడిగేస్తే రేపు మళ్ళీ అదే రంధ్రం వాడుకోవచ్చు. కింద తవ్వకం ఎంత మట్టిని తీసుకుందో, పైన ఇక్కడ అంత నింపడం. స్తంభంలో 55 మీటర్ల ఎత్తున ఎంత జరిగిందో కొలుస్తూ, ఆ అంకె హద్దు వైపు వచ్చినప్పుడల్లా కొంచెం ఎక్కించడం. 1996 జనవరి నుంచి 1997 సెప్టెంబరు దాకా ఇది విడతలు విడతలుగా నడిచింది. స్టేషన్ 1999 డిసెంబరులో తెరిచారు.

ఇది విని "అయితే ఎక్కడ దిగితే అక్కడ గ్రౌట్ కొట్టేస్తే సరి" అనుకోకండి. అదే మందు విషమైన కథ ఒకటుంది.

1994 అక్టోబరు 21, హీత్రో విమానాశ్రయం. అక్కడి సెంట్రల్ టెర్మినల్ ఏరియా కింద రైలు స్టేషన్ కోసం సొరంగాలు తవ్వుతున్నారు, టీబీఎంతో కాదు, కొంత తవ్వి వెంటనే కాంక్రీటు చిమ్మే పద్ధతిలో. లైనింగ్ అడుగు భాగం అతుకుల దగ్గర పనితనం బాగోలేదు. పైన కాంబోర్న్ హౌస్ అనే ఆఫీసు భవనం దిగుతుంటే దాన్ని లేపడానికి గ్రౌట్ ఎక్కించారు. ఆ ఒత్తిడి పైకి భవనాన్ని ఎంత తోసిందో, కిందున్న సొరంగం మీద కూడా అంత పడింది, అసలే బలహీనంగా ఉన్న లైనింగ్ ఇంకా దెబ్బతింది. కొలతల్లో కదలికలు ముందునుంచీ కనిపిస్తూనే ఉన్నాయి. రాత్రివేళ మొత్తం కూలిపోయింది. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. జూబిలీ లైన్‌లో అదే పద్ధతిలో జరుగుతున్న పనులు వాటర్‌లూ, లండన్ బ్రిడ్జ్ దగ్గర ఆపేశారు, అంతా మళ్ళీ తనిఖీ చేశాకే మొదలుపెట్టారు. గమనించండి, వెస్ట్‌మినిస్టర్ గ్రౌటింగ్ దీని తర్వాతిది. ఎప్పుడు, ఎంత, సొరంగానికి ఎంత దూరంలో ఎక్కించాలి అనే క్రమశిక్షణ అంత గట్టిగా రావడానికి ఒక కారణం హీత్రోయే అని నేననుకుంటాను.

కాంక్రీటు చిమ్మే పద్ధతి అన్నాను కాబట్టి ఒక్క మాట. 2014 మార్చిలో క్రాస్‌రైల్ పనిలో ఫిషర్ స్ట్రీట్ దగ్గర అప్పుడే చిమ్మిన తడి కాంక్రీటు పైనుంచి ఊడిపడి ఒక కార్మికుడు చనిపోయాడు. తాజా కాంక్రీటు కిందకి ఎవరూ వెళ్ళకూడదన్నది నియమం. మీరు సైట్‌కి వెళ్ళాక ఆ గీత దాటనివ్వకుండా చూడాల్సింది మీరే. పైనున్న ప్రయాణికుడి భద్రత గురించి ఇన్ని లెక్కలు వేసి కిందున్న మన మనిషిని మర్చిపోతే ఎలా.

చివరి ఉదాహరణ, బ్యాంక్ స్టేషన్. లండన్ పాతబస్తీ నడిబొడ్డు. నార్దర్న్ లైన్ అక్కడికి 1900లో వచ్చింది, అప్పుడు సెయింట్ మేరీ వూల్‌నాథ్ అనే చర్చి కింద సమాధుల గదులు ఖాళీ చేయించి టికెట్ హాలు, లిఫ్టులు కట్టారు, చర్చి ఇప్పటికీ అలాగే ఉంది. ప్లాట్‌ఫాంలు ఇరుకైపోయాయి, అందుకని ఒకవైపు రైళ్లకి పూర్తిగా కొత్త సొరంగం తవ్వి, పాత సొరంగాన్ని జనం నడిచే హాలుగా మార్చారు. ఇక్కడ టీబీఎం లేదు. అంత చిన్న, వంకరటింకర పనికి మిషన్ దింపే చోటే లేదు, ఒక సన్న వీధిలో బావి తవ్వి అందులోంచే మనుషులూ మట్టీ అంతా. దారిలో కొన్ని భవనాల పైల్స్, అంటే భూమిలోకి దింపిన పునాది స్తంభాలు అడ్డొచ్చాయి. పైన భవనంలో ఆఫీసు నడుస్తుండగా కింద దాని పైల్‌ని సొరంగంలోంచి కోసి తీయాలి. అంటే ఆ పైల్ మోస్తున్న బరువు ఎక్కడికి పోతుందో ముందే తేల్చుకోవాలి. డ్రాయింగుల్లో ఒకచోట ఉన్న పైల్ నిజంగా ఇంకోచోట ఉంటుంది, పాత కాగితాన్ని నమ్మి తవ్వకూడదు, ముందు పలచగా తడిమి చూసుకోవాలి.

అన్నీ చేశాక కూడా ఒక పని మిగిలింది, కొత్త సొరంగాన్ని నడుస్తున్న లైనుకి కలపడం. అది రైళ్లు నడుస్తుంటే కుదరదు, అంతే. 2022 జనవరి 15 నుంచి మే నెల మధ్యదాకా 17 వారాలు లైను ఆ ముక్క మూసేశారు. స్టేషన్ మూయకుండా చేయడమే గొప్ప అనుకుంటాం గానీ నా అభిప్రాయం వేరు. కొన్ని పనులకి నిజాయితీగా మూసేయడమే మంచిది. రాత్రికి రెండు గంటల చొప్పున ఏళ్లతరబడి లాగితే ఖర్చూ ఎక్కువే, అలసిపోయిన మనుషులతో ప్రమాదమూ ఎక్కువే. ఎప్పుడు మూయాలి, ఎంతకాలం అన్నది ముందే చెప్పి, జనానికి వేరే దారి చూపించి చేయాలి.

మన దేశంలో సంగతి అడుగుతారని తెలుసు. కోల్‌కతా చూడండి. ఈస్ట్-వెస్ట్ మెట్రో హావ్‌డా స్టేషన్ దగ్గర, తర్వాత హుగ్లీ నది కింద, ఆ తర్వాత ఎస్ప్లనేడ్ దగ్గర 1984లో మొదలైన మన మొట్టమొదటి మెట్రో కిందనుంచి పోయింది. నది కింద పోవడమే పెద్ద వార్త అయింది, కానీ దెబ్బ తగిలింది నది దగ్గర కాదు. 2019 ఆగస్టు 31న బౌబజార్ దగ్గర టీబీఎం నీళ్లున్న ఇసుక పొరలోకి వెళ్ళింది, నీరూ మట్టీ సొరంగంలోకి వచ్చేశాయి, పైన పాత ఇళ్ళు కూలాయి, వందలమంది ఇళ్ళు వదిలి వెళ్ళాల్సివచ్చింది. లైను మొత్తం కలిసేసరికి 2025 ఆగస్టు అయింది. లండన్ బంకమట్టిలో వేసిన ఒక శాతం లెక్కని తీసుకెళ్ళి గంగ ఒండ్రు మీద వేయలేం. మట్టిని బట్టి మాట్లాడాలి.

నేను ఇక్కడ ఆపుతాను. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, హైదరాబాద్‌లో అయితే గట్టి రాయే కదా, ఈ సెటిల్‌మెంట్ గొడవ ఉండదు కదా?)

మంచి ప్రశ్నమ్మా. గట్టి గ్రానైట్ మధ్యలో ఉంటే సెటిల్‌మెంట్ చాలా తక్కువ, నిజమే. కానీ మనకి రాయి ఒకే ఎత్తులో ఉండదు. పైన మెత్తబడిన మొరం, మధ్యలో గుండ్లు, కింద గట్టి రాయి. మిషన్ ముఖంలో కింద సగం రాయి, పైసగం మట్టి వచ్చిందనుకోండి, రాయి దగ్గర మెల్లగా తిరుగుతూ ఉండగా పైమట్టి జారి వచ్చేస్తుంది. టన్నెల్ వాళ్ళు అన్నింటికంటే భయపడేది దీనికే. పేలుడు మందుతో చేస్తే ఇంకో లెక్క, అప్పుడు కదలిక బదులు అదురు కొలవాలి, ఎంత మందు ఒక్కసారి పేల్చాలో దాన్నిబట్టి నిర్ణయించుకోవాలి.

(ఇంకొకరు: ప్లాట్‌ఫాం మీద ఉన్నవాళ్ళకి కింద తవ్వుతున్నట్టు తెలుస్తుందా సార్?)

మెత్తటి మట్టిలో దాదాపు తెలీదు. మీ పక్కనుంచి రైలు పోయే చప్పుడే చాలా ఎక్కువ. పాత కాంక్రీటు పగలగొట్టేటప్పుడు మాత్రం వినిపిస్తుంది, దానికి ముందే బోర్డు పెట్టి చెప్తారు. ప్రయాణికుడికి నిజంగా తగిలే ఇబ్బంది వేరే. పనికోసం హాలులో సగం రేకులు కట్టి మూసేస్తారు, అప్పుడు మంటలొస్తే జనం బయటికి పోయే దారి సరిపోతుందా అన్న లెక్క మళ్ళీ మొదటినుంచి వేయాలి. 1987లో కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో ఎస్కలేటర్ కింద నిప్పు రాజుకుని 31 మంది చనిపోయాక ఈ విషయంలో అక్కడ ఎవరూ మొహమాటపడరు, దారి చాలకపోతే రేకులు వెనక్కి జరపాల్సిందే.

(మరొకరు: తవ్వడం అయిపోయాక కదలిక ఎప్పుడు ఆగుతుంది?)

బంకమట్టిలో చాలాకాలం ఆగదు. తవ్వినప్పుడు మట్టిలోని నీటి ఒత్తిడి చెదురుతుంది, అది సర్దుకోవడానికి ఏళ్లు పడుతుంది. బిగ్ బెన్ దగ్గర 1997లో గ్రౌటింగ్ ఆపాక కూడా స్తంభం కొన్నేళ్లు మెల్లగా ఒరుగుతూనే ఉంది, ఒరిగే వేగం తగ్గుతూ వచ్చింది. కాబట్టి ప్రారంభోత్సవం అయిపోయిందని పరికరాలు పీకేయకూడదు. ఇక్కడ మామూలుగా జరిగేదేమిటంటే కాంట్రాక్టర్ పని పూర్తయి వెళ్ళిపోతాడు, రీడింగులు తీసే డబ్బు ఎవరి ఖాతాలోంచి రావాలో ఎవరికీ తెలీదు, ప్రిజమ్‌లు అలాగే గోడకి దుమ్ముపట్టి ఉంటాయి. మీలో ఎవరైనా రేపు టెండర్ రాసే సీట్లో కూర్చుంటే, లైను తెరిచాక కనీసం కొన్నేళ్లు రీడింగులు తీయాలి, వాటిని ఫలానావాళ్ళు చూడాలి, డబ్బు ఫలానాచోటు నుంచి రావాలి అని ముందే అందులో రాయించండి. తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు.